అమ్మ కుడికాలు, నాన్న బ్రేకులు

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి చీర మార్చుకుని, తార్నాకలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు ముందు చక్రాలు రెండూ విప్పి పక్కన పెట్టి, బ్రేకుల మీద పేరుకున్న నల్లటి పొడిని తడిగుడ్డతో తుడుస్తుంటే, కాలిన సుద్దా ఇనుమూ పాత నూనే కలిసినట్టుండే ఆ వాసన గుప్పుమంది. కొందరికి ఆ వాసన వికారం. నాకు మాత్రం వేసవి సెలవులు గుర్తొస్తాయి. కొత్త బ్రేకు ప్యాడ్లు ఎడమవైపు చేత్తో నెట్టగానే వెళ్లి కూర్చున్నాయి, కుడివైపు మాత్రం వెంట్రుకవాసిలో అడ్డుపడ్డాయి. కారు ఒకటే, డబ్బా ఒకటే, కారు పేరు చెప్పగానే షాపతను వెనక్కి తిరగకుండా చెయ్యి చాచి తీసిచ్చిన సెట్టూ ఒకటే. కాస్త ఆకురాయితో రుద్దితే పోయేదానికి ఇంత ఆలోచనెందుకని చెయ్యి పనిముట్ల పెట్టెలోకి వెళ్లింది. ఆకురాయి దొరికింది కూడా. దాని పక్కనే ప్లాస్టిక్ కవర్లో చుట్టిన నాన్న నోట్‌బుక్ ఉంది. దాన్ని చూశాక ఆకురాయిని ఎక్కడిదక్కడ పెట్టేశాను.

నాన్న యూనివర్సిటీ ఫిజిక్స్ ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేసేవాడు. గుంటూరు దగ్గర పల్లె నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి, క్యాంపస్ చివర అడిక్‌మెట్ వైపు గోడకు ఆనుకున్న సిబ్బంది క్వార్టర్లలో కాపురం పెట్టాడు. రెండు గదులు, ఒక వరండా, వెనక జామచెట్టు. ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారానికి ముందురోజు పిల్లలమంతా బండరాళ్ల మధ్య ఈత మట్టల కోసం తిరిగేవాళ్లం. మే నెలలో తురాయి పూలు రాలి రోడ్లన్నీ ఎర్రబడితే మొగ్గలు చీల్చి లోపలి కాడలతో కోడిపందేలు ఆడేవాళ్లం. వానలు వెనకబడే రోజుల్లో సీతాఫలాల కళ్లు విచ్చుకున్నాయా లేదా అని పొదల్లో తలలు దూర్చి, మోచేతులు గీరించుకుని వచ్చేవాళ్లం. క్రిస్మస్‌కు వారం ఉందనగానే మా వరసలో ప్రతి ఇంటి వెనకా అచ్చు గులాబీలు నూనెలో సుయ్‌మనేవి, మా పక్కింటి లక్ష్మత్త తను ఆ పండగ చేసుకోకపోయినా అచ్చు పట్టుకోవడానికి అందరికంటే ముందు వచ్చేది.

నాన్నకు ఒక ల్యాబు జబ్బు ఉండేది. ఏ కొలతనైనా ఒక్కసారి తీస్తే నమ్మడు. మూడుసార్లు తీసి, అన్నీ కూడి, సగటు కట్టి, దాని కింద రెండు గీతలు గీసేదాకా మనసు నిలవదు. బీఎస్సీ పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పీ చెప్పీ ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. నా పుట్టినరోజున తలుపు చెక్కకు ఆనించి నిలబెట్టి మూడుసార్లు ఎత్తు కొలిచేవాడు. మూడోసారికి నేను విసుగెత్తి మునివేళ్ల మీద లేచేదాన్ని, ఆ దొంగ ఎత్తు కూడా సగటులో కలిసిపోయేది. ఆవకాయ కలిపే రోజు త్రాసు పట్టుకుని ఆవపిండినీ కారాన్నీ మూడేసిసార్లు తూస్తుంటే, అది ఆవకాయని, ప్రాక్టికల్ పరీక్ష కాదని అమ్మ కసిరేది. ఆయన తూచడం మానేవాడు కాదు, ఆవిడ చేత్తో ఇంకో గుప్పెడు వేయడం మానేది కాదు. ఆవకాయ మాత్రం ప్రతి ఏడూ బాగుండేది.

ఆ రోజుల్లో మా పిల్లల వాహనం బేరింగ్ బండి. షెడ్లలో పారేసిన బేరింగులు మూడు సంపాదించి, చెక్కకు బిగించి, క్యాంపస్ ఏటవాలు రోడ్ల మీద కూర్చుని వదిలేవాళ్లం. ఆ గరగర శబ్దానికి హాస్టల్ కిటికీల్లోంచి తిట్లు వినపడేవి. దానికి బ్రేకులంటే మా హవాయి చెప్పులే. రెండు కాళ్లూ సమంగా నేలకు ఆనిస్తే బండి బుద్ధిగా ఆగేది. ఒక్క కాలే ఆనిస్తే ఆ కాలి వైపుకే గిర్రున తిరిగి పొదల్లో పడేసేది. మోకాళ్ల మీది మచ్చల సాక్షిగా ఆ సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు.

అమ్మ రామంతాపూర్‌లో ఒక స్కూల్లో లెక్కల టీచరు. రెండు బస్సులు మారి వెళ్లి, సాయంత్రం చీర కుచ్చిళ్ల నిండా సుద్దపొడితో తిరిగొచ్చేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక సాయంత్రం ఆమె ఎక్కిన ఆటో పల్లంలో బ్రేకు పడక ప్రహరీగోడను కొట్టింది. ఎడమకాలి ఎముక రెండుచోట్ల విరిగింది. ఏడాది పాటు మంచం, తర్వాత కర్ర. ఎముక అతుక్కుంది కానీ బస్సు మెట్టు ఎక్కేంత కాలు లేవలేదు. దానికంటే పెద్ద చిక్కు కుడికాలితో వచ్చింది. ఏ బండి ఎక్కినా ఆమె కుడికాలు నేలను బలంగా నొక్కిపట్టేది, తనే బ్రేకు వేస్తున్నట్టు. ఆఖరికి చర్చిలో బెంచీ మీద కూర్చుని ప్రసంగం వింటుండగా బయట లారీ కీచుమన్నా, ఆ పాదం బండను తొక్కేది. అలా నొక్కీ నొక్కీ, ఎక్కడికైనా వెళ్లొస్తే ఆ రాత్రంతా పిక్క పట్టేసి బాధపడేది.

ఇంట్లో అమ్మ నెమ్మదిగా మూగదైపోయింది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, వరండాలో ఆడుకునే పిల్లల్ని పిలిచి ఎక్కాలు అడిగేది. వాళ్లు కొన్నాళ్లకు ఆ కిటికీ వైపు రావడమే మానేశారు. అది చూస్తే నాకు చాలా బాధగా ఉండేది. ఇంతలో స్కూలు హెడ్‌మిస్ట్రెస్ కబురు పంపింది: జూన్‌లో స్కూలు తెరిచే రోజు వరకూ ఆమె చోటు ఉంచుతామని, ఆ రోజుకి రాకపోతే వేరే టీచర్ని తీసుకోక తప్పదని. నాన్న రెండు రోజులు ఆలోచించి, రిటైరై ఊరికి వెళ్లిపోతున్న ఒక ప్రొఫెసర్ గారి పాత అంబాసిడర్ కొనేశాడు. ఆయనకు డ్రైవింగ్ ల్యాబు జీపుతో వచ్చిందే.

కారు రాగానే పాస్టర్ గారొచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆయన అటు వెళ్లగానే లక్ష్మత్త నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది, అమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. అంతా అయ్యాక అమ్మ నాన్నతో ఒక్క మాటే అంది.

"ప్రార్థన పాస్టర్ గారు చేశారు, బాగుంది. బ్రేకులు మాత్రం మీ చేత్తో బిగిస్తేనే నేను ఎక్కుతానండీ. ఇంకెవరి చెయ్యీ నేను నమ్మలేను."

ల్యాబులో పాడైన త్రాసులనూ కటకాలనూ బాగుచేసే మనిషికి అది గౌరవంగానూ, భయంగానూ తోచి ఉండాలి. ఆ మే నెలంతా మా వరండా ముందు కారు ఇటుకల మీద నిలబడింది. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని నాన్న ముందు చక్రాల డ్రమ్ములు విప్పాడు. డ్రమ్మంటే చక్రంతోపాటు తిరిగే ఇనుప గిన్నె. దాని లోపల రెండు అర్ధచంద్రాకారపు షూలుంటాయి. పెడల్ తొక్కితే అవి విచ్చుకుని గిన్నె గోడను ఒరుసుకుంటాయి, బండి ఆగుతుంది. షూల మీద ఒరుసుకునే పొర, అంటే లైనింగు, పూర్తిగా అరిగిపోయింది. కిరసనాయిలు గిన్నెలో మునిగిన బోల్టులు తీసి తుడవడం నా పని, లెక్కలు రాయడం కూడా నాదే. వర్క్‌షాపులో అడిగి తెచ్చిన, లోపలి వెడల్పు కొలిచే పెద్ద కాలిపర్‌ను డ్రమ్ములో విప్పి, స్కేలు మీద పెట్టి నాన్న అంకె చెబుతుంటే నోట్‌బుక్‌లో రాశాను. ఎడమ డ్రమ్ము మూడుసార్లూ రెండువందల నాలుగున్నర మిల్లీమీటర్ల దగ్గరే వచ్చింది. కుడిది మూడుసార్లూ రెండువందల మూడే. ఒకే కారు డ్రమ్ములు రెండు సైజులు ఎందుకుంటాయి, అది తన చేతి వణుకు అయ్యుంటుందిలే అని ఆయన ఆరింటినీ కూడించి, సగటు కట్టించి, కింద రెండు గీతలు గీయించాడు. నేను స్కేలు పెట్టి మరీ గీశాను.

లాలాపేట్‌లో యాదగిరి అని ఒకాయనకు లైనింగు కొట్టు ఉండేది. షూల మీద కొత్త లైనింగు పెట్టి రాగి రివిట్లు కొట్టడంలో ఆయనకు చుట్టుపక్కల పేరు. కొట్టు ముందు గోడకు ఒక పొడుగాటి మేకు, దానికి గుచ్చిన చీటీలు బారెడు ఉండేవి. నాన్న షూలూ, సగటు రాసిన చీటీ ఇచ్చాడు. యాదగిరి చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"డ్రమ్ములేవి సార్? షూలొక్కటే తెస్తే ఎట్ల? నంబర్ రాసిస్తే అయిపోనికి గిది పరీక్షనా?"

ఆరుసార్లు కొలిచామని నాన్న గొప్పగా చెప్పాడు. యాదగిరి చీటీని మేకుకు గుచ్చాడు. మూడో రోజుకు లైనింగులు తయారయ్యాయి, నాలుగూ ఒకే మందం.

ఎడమ డ్రమ్ము సులువుగా ఎక్కింది. కాస్త ఎక్కువ సులువుగానే ఎక్కింది, అది మేం పట్టించుకోలేదు. కుడి డ్రమ్ము సగంలో పట్టేసింది. నాన్న ఆకురాయి తీసుకుని కొత్త లైనింగు మీద నాలుగు రుద్దులు రుద్దాడు, మళ్లీ చూశాడు, మళ్లీ రుద్దాడు. చివరికి చెక్క సుత్తితో తడితే ఎక్కింది. అయిపోయిందన్నాడు.

మర్నాడు పొద్దున్నే, మనుషులెవరూ లేని క్యాంపస్ పెద్ద రోడ్డు మీదకు కారును తీసుకెళ్లాం. అమ్మా నేనూ మోరీ గోడ మీద కూర్చున్నాం, నాన్న ఒక్కడే కారులో ఉన్నాడు. దూరం నుంచి మా వైపు వచ్చి, మా ముందు ఆపి, అమ్మకు తలుపు తీయాలని ఆయన ఉద్దేశం. బ్రేకు వేశాడు. కారు మా ముందు ఆగలేదు. కుడివైపుకు గుంజుకుపోయి, రోడ్డు దిగి, మట్టిలో దుమ్ము లేపుకుంటూ తంగేడు పొద దగ్గర నిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మోరీ గోడ మీద కూర్చున్న అమ్మ కుడి చెప్పు నేలలోకి దిగబడిపోయి ఉంది. కర్ర తీసుకుని, ఎవరి కోసమూ ఆగకుండా ఇంటివైపు నడిచింది.

ఆ మధ్యాహ్నం అమ్మ ఉద్యోగానికి రాజీనామా రాసింది. రూళ్లు లేని తెల్ల కాగితం మీద, ప్రశ్నపత్రం రాసే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచింది. దాచిందే కానీ మాకు తెలియకుండా ఏమీ లేదు. స్కూలు తెరవడానికి వారం ఉంది.

ఆ వారం మొదటి మూడు రోజులూ నాన్న కారు కిందే గడిపాడు. బ్రేకు నూనె గొట్టాల్లో గాలి చేరిందేమోనని అనుమానపడితే, నేను సీటు అంచున కూర్చుని ఆయన చెప్పినప్పుడల్లా పెడల్ తొక్కి పట్టుకున్నాను, ఆయన కింద పడుకుని గాలి తీశాడు. లైనింగుకు గ్రీజు అంటిందేమో చూశాడు. టైర్లలో గాలి చూశాడు. కారు మాత్రం కుడివైపుకే గుంజేది. అప్పుడు నా బేరింగ్ బండి గుర్తొచ్చి, కుడివైపుకు పోతోందంటే ఎడమకాలు నేలకు ఆనడం లేదని ఆయనకు చెప్పాను. ఆయన చక్రం పక్కన నేల మీద చతికిలబడ్డాడు. మసి చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"నిజమేనమ్మా రూతూ. ఎందుకు ఆనట్లేదో నాకే తెలియట్లేదు" అన్నాడు.

నాన్నకు తెలియనిది ఒకటుందని నేను వినడం అదే మొదటిసారి. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నోట్‌బుక్ తీసుకెళ్లి వంటింట్లో అమ్మ ముందు పెట్టాను, ఆమె ఏదో చేస్తుందని కాదు, ఇంట్లో ఉన్నది ఇంకెవరు గనక. అమ్మ ఆవకాయ జాడీ మూతికి వాసెన గుడ్డ బిగిస్తూ ఓరగా చూసింది. తర్వాత చెయ్యి కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని చూసింది. తర్వాత కర్ర లేకుండా గోడ పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"ఏవండీ, ఎడమది మూడుసార్లూ ఒకే మాట చెబుతోంది. కుడిదీ మూడుసార్లూ ఒకే మాట చెబుతోంది. అవి రెండూ వేరు వేరు పిల్లలు. ఇద్దరి మార్కులూ కూడి సగం చేసి ఇద్దరి కార్డుల్లోనూ వేస్తామా?"

నాన్న నోట్‌బుక్ తీసుకున్నాడు. నేను స్కేలు పెట్టి గీసిన రెండు గీతల మీద అడ్డంగా ఒక గీత కొట్టాడు. తర్వాత నవ్వాడు, ఆ వారంలో మొదటిసారి. ఇన్నేళ్లుగా పిల్లల రికార్డుల్లో ఈ తప్పుకే సున్నా చుడుతున్నానని ఒప్పుకున్నాడు. ఒక వస్తువును పదిసార్లు కొలిస్తే సగటు కట్టాలి. రెండు వస్తువుల్ని కొలిచి సగటు కడితే అది రెండింటిదీ కాదు. యాదగిరికి కొత్త చీటీ రాయడానికి కాగితం అడిగాడు. అమ్మ లోపలికి వెళ్లి బైబిల్ తెరిచి, ఆ మడతల కాగితం తీసుకొచ్చి, వెనకవైపు ఎడమ అంకె, కుడి అంకె విడివిడిగా రాసి ఆయన చేతికిచ్చింది. ఇదెందుకని నాన్న తడబడితే, వెనక ఖాళీగానే ఉందిగా అంది.

ఈసారి షూలతోపాటు రెండు డ్రమ్ములూ గోనెసంచిలో వేసుకుని మరీ వెళ్లాం. యాదగిరి డ్రమ్ముల లోపల బొటనవేలు తిప్పి చూశాడు.

"ఎవడో ఎడమ పక్కదొక్కటే లేత్ మిషన్ మీద లోపల గీకిచ్చిండు సార్, అందుకే పెద్దగయింది. దాని లైనింగ్ జర మందం పెడ్తా. ఏది దానికే, కలపొద్దు" అన్నాడు.

మొదటిసారే చెప్పాను కదా అని ఒక్క మాట అనలేదాయన. కాగితాన్ని మాత్రం అలవాటుగా మేకుకు గుచ్చేశాడు. అలా మా అమ్మ రాజీనామా హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీదకు కాక, లాలాపేట్ లైనింగు కొట్టు గోడకు చేరింది. ఆ వానాకాలం బోనాలకు అటు వెళ్లినప్పుడు కూడా అది చీటీల మధ్య వేలాడుతూ కనిపించింది.

బిగించే ముందు యాదగిరి చెప్పిన ఉపాయం ఒకటి చేశాం. లైనింగు మీద సుద్దముక్కతో రుద్ది, డ్రమ్ము ఎక్కించి, కొద్దిగా బ్రేకు పట్టి తిప్పి, మళ్లీ విప్పి చూడాలి. సుద్ద ఎక్కడ చెరిగితే అక్కడ షూ ఆనుతున్నట్టు. యాదగిరి కొట్లో, మొదట వేసిన లైనింగు తీసేముందు అలా చూస్తే ఎడమవైపు మధ్యలో రెండు వేళ్ల మేర మాత్రమే చెరిగింది, అంతే ఆనేదన్నమాట. కొత్తదానితో ఈ చివర నుంచి ఆ చివర దాకా చెరిగిపోయింది. సుద్దముక్క అమ్మది. స్టూలు వేసుకుని కూర్చుని, నాలుగు షూలకూ తన చేత్తోనే రుద్దింది. ఏడాది దాటాక మళ్లీ ఆమె చీర కుచ్చిళ్ల మీద సుద్దపొడి చూశాను.

స్కూలు తెరిచే రోజు పొద్దున అమ్మ ముందు సీట్లో కూర్చుంది. వెనక సీట్లోంచి నేను మెడ చాచి రోడ్డును కాదు, ఆమె పాదాన్నే చూస్తున్నాను. తార్నాక దగ్గర నాన్న బ్రేకు వేసినప్పుడు కుడికాలు గట్టిగా నొక్కింది. కారు నిటారుగా ఆగింది. హబ్సిగూడ దగ్గర గేదెలు అడ్డం వస్తే మళ్లీ నొక్కింది, కాస్త తక్కువగా. గోడను కొట్టిన ఆ పల్లంలో కళ్లు మూసుకుంది, పెదవులు కదిలాయి. నాన్న మెల్లగా బ్రేకు పట్టుకుని దిగాడు, కారు ఇటూ అటూ బెసకలేదు. స్కూలు గేటు ముందు ఆగేసరికి ఆ పాదం నేల మీద ఊరికే ఉంది. నాన్న కూడా అటే చూస్తున్నాడని అప్పుడు గమనించాను.

ఆ తర్వాత అమ్మ రిటైరయ్యేదాకా అదే స్కూల్లో పనిచేసింది. మా క్వార్టర్లు ఇప్పుడు లేవు, జామచెట్టు ఉన్నచోట బండ్లు నిలుపుతున్నారు. లాలాపేట్ కొట్టు సెల్‌ఫోన్ల దుకాణమైంది. కిరసనాయిలు కావాలంటే ఎక్కడ దొరుకుతుందో కూడా తెలియదు. బేరింగ్ బండి అంటే మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఫోనులో వెతికి చూశారు. నాన్న పోయి ఆరేళ్లు. ఆయన నోట్‌బుక్ మాత్రం నా పనిముట్ల పెట్టెలో ఉంది, అడ్డంగా కొట్టేసిన ఆ సగటుతో సహా.

ఆ ఆదివారం సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్న అమ్మ, రెండు పక్కలా వేరు వేరుగా కొలిచావా అని అడిగింది. కొలిచాను. కుడివైపు ప్యాడ్లు కూర్చునే ఇనుప పట్టీ వేరే ఏడాది మోడల్‌ది. నాకంటే ముందు ఈ కారు నడిపినవాళ్లు ఎప్పుడో మార్పించి ఉంటారు. మర్నాడు రెండు వైపుల పాత ప్యాడ్లూ, ఆ పట్టీ సంచిలో వేసుకుని షాపుకు వెళ్తే, ఈసారి అతను వెనక్కి తిరిగి, డబ్బాలు దించి, కొలిచి ఇచ్చాడు. అవి చేతి ఒత్తిడికే వెళ్లి కూర్చున్నాయి. కారులో ఎవరినీ ఎక్కించుకోకుండా క్యాంపస్ లోపల పదిసార్లు ఆపి చూసుకున్నాను.

శనివారం అమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. తార్నాక మెట్రో కింద ఒక బైకు ఉన్నట్టుండి అడ్డం వస్తే బ్రేకు గట్టిగా తొక్కాల్సి వచ్చింది. కారు ఎక్కడిదక్కడ, నిటారుగా ఆగింది. అమ్మ వైపు తిరిగాను. బత్తాయి వలుస్తోంది. కుడి చెప్పు కిందే ఉంది, కాలు మాత్రం మడిచి సీటు మీద పెట్టుకుంది. ఒక తొన గింజ తీసి నా నోటికి అందించింది.